శుక్రవారం సంతకం

మా విభాగంలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి పోయిన నెల నాకు ఫోన్ చేసింది. న్యూరోసైన్సు డిగ్రీ నాలుగో ఏడు పిల్లలకి థీసిస్ గైడుగా ఆమె పేరు వేశారట. "మేడమ్, నేను ఏమేం చూసుకోవాలి?" అని అడిగింది. నియమాల పుస్తకం చదువుకో తల్లీ అని ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక నాకే సిగ్గేసింది. ఆ పుస్తకం రాసింది నేనే. అందులో రాయనిదేమిటో చెప్పాల్సింది కూడా నేనే కదా.

అందుకే ఇది రాస్తున్నాను. నేను ఎప్పుడు రీడరునయ్యానో, ఎప్పుడు ప్రొఫెసరునయ్యానో ఇందులో ఉండదు. అవి నా పెన్షన్ ఫైలులో ఉన్నాయి, కావాలంటే చూసుకోవచ్చు. మాది తెనాలి. మావారి బ్యాంకు బదిలీతో కోల్‌కతా వచ్చి, ఆయన మళ్లీ బదిలీ అయినా నేను ఇక్కడే ఉండిపోయి, ముప్పై ఏళ్ల పైచిలుకు మెదడు గురించి పాఠాలు చెప్పాను. ఆ పాఠాల్లో సగం ఇప్పుడు మారిపోయాయి. పిల్లల థీసిస్‌ల దగ్గర తిన్న దెబ్బలు మాత్రం అలాగే గుర్తున్నాయి.

పుస్తకంలో ఉన్నవి

ముందు ఉన్నవే చెబుతాను. జూలైలో రెండు పేజీల ప్రతిపాదన ఇవ్వాలి. ఏం అడుగుతున్నారో అందులో ఒక్క వాక్యంలో ఉండాలి. పిల్లలు మొదట తెచ్చేది "మనిషి చైతన్యం అంటే ఏమిటి" లాంటిదే. ఏప్రిల్‌కల్లా తేలే ప్రశ్న పట్టుకురా నాయనా అని వెనక్కి పంపాలి. మూడోసారికి దారిలోకి వస్తారు. మనుషుల మీద చేసే పరీక్షయితే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, పాల్గొన్న ప్రతి మనిషి చేతా అంగీకార పత్రం రాయించుకోవాలి. ఆ ఏడాదంతా ఒక నోటుబుక్కు నడపాలి. ఏప్రిల్‌లో థీసిస్, మేలో అరగంట వైవా. ఇద్దరు పరీక్షకుల్లో ఒకరు బయటి ఊరి నుంచి వస్తారు. వైవాలో గైడు కూర్చోవచ్చు గానీ నోరు మెదపకూడదు.

వీటన్నిటిలోకీ నోటుబుక్కే ప్రాణం. పెన్నుతోనే రాయాలి. పేజీ చింపకూడదు. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టాలి, కింద ఉన్నది చదవడానికి వీలుండాలి. ప్రతి శుక్రవారం గైడు ఆ వారం పేజీలు చూసి సంతకం చేయాలి.

ఈ నియమాన్ని నా తలకెక్కించింది మా పాత హెడ్ శంకర్‌దా. నేను గైడునైన మొదటి ఏడాది నా స్టూడెంట్ ఒకడు, పేజీ గజిబిజిగా ఉందని దాని మీద తెల్లకాగితం అతికించి, అందంగా తిరగరాసి తెచ్చాడు. నేను మెచ్చుకున్నాను కూడా. శంకర్‌దా ఆ పేజీని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి, అడుగున ఉన్న అంకెలు ఒక్కొక్కటే పైకి చదివారు. పైన ఉన్న వాటికీ వాటికీ పొంతన లేదు. ఆయన అరవలేదు. "జా హొయేఛే, తాయి లేఖో" అన్నారు. ఏం జరిగిందో అదే రాయి అని. ఆ మాట అన్నది వాడితో కాదు, నాతో.

అప్పటినుంచీ నోటుబుక్కు విషయంలో నా అంత గట్టి మనిషి కాలేజీలో లేరని పేరు తెచ్చుకున్నాను. పేరొస్తే ఒక చిక్కు ఉంది, ఆ పేరు చూసుకుని పని మానేస్తాం.

ముక్కు నరం

గౌరి నా దగ్గరికి వచ్చింది నేను రిటైరవడానికి కొన్నేళ్ల ముందు. కోల్‌కతాలోనే, రేవు పక్క ఖిదిర్‌పూర్ పిల్ల. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. తండ్రి పేరు సింహాచలం, నగరంలో మురుగు కాలువల పూడిక తీసే పనిలో ఉండేవాడు. ఆ పిల్ల బడిలో బెంగాలీ, కాలేజీలో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. తెలుగు చదవడం రాదు, రాయడం అసలే రాదు. నేను తెలుగుదాన్నని తెలిశాక నాతో తెలుగులోనే మాట్లాడేది. ఆ యాస నా చెవికి అలవాటు కావడానికి నెల పట్టింది.

"మా నాన్న ముప్పయ్యేళ్లై కాలవల్లో దిగుతున్నాడు మేడమ్ గోరూ. ఆ గాలి పీల్సి పీల్సి ముక్కు నరం సెడిపోద్దా? అది సూద్దారనుంది" అంది.

నా ఉద్యోగంలో ఇంత శుభ్రమైన ప్రశ్న పట్టుకొచ్చిన పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేటంతమంది. వాసన పసిగట్టే నరం మెదడుకి తిన్నగా పోతుంది. అది దెబ్బతింటే తర్వాత రాబోయే కొన్ని జబ్బులకి ముందే ఆనవాలు దొరకొచ్చు. ఆ రోజే ఒప్పుకున్నాను.

పన్నెండు చిన్న సీసాలు తయారుచేశాం. ఆవనూనె, కర్పూరం, కిరసనాయిలు, కలరా ఉండలు, ధనియాలు, ఇలాంటివి. మూత తీసి ముక్కు దగ్గర పెట్టడం, వాసన వస్తోందా, వస్తే దేనిది అని అడగడం. ఒక వైపు కాలువల పనివాళ్లు. పోల్చడానికి లిలువా రైల్వే వర్క్‌షాపులో పనిచేసే అదే వయసు తెలుగువాళ్లు. సొంత మనుషుల మీద పరీక్ష చేయకూడదు గనక గౌరి తండ్రిని మినహాయించాం.

ఇక్కడ నేనొక నిర్ణయం తీసుకున్నాను. కాలువల పనివాళ్లందరూ పొద్దున్నే కార్పొరేషన్ యార్డులో హాజరుకి చేరతారు. అక్కడే వరసగా నిలబెట్టి చూసేస్తే రెండు పూటల్లో అయిపోతుందన్నాను. "ఇళ్లకాడ సూద్దామా మేడమ్ గోరూ?" అని గౌరి ఒకసారి అడిగింది. ఎన్ని గుమ్మాలు ఎక్కుతావు, ఏప్రిల్ ఆగుతుందా అన్నాను. సరేనని సీసాలు సర్దుకుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

అందరూ ఒకే మాట

నవంబరులో యార్డుకి నేను కూడా వెళ్లాను. వరసలో మొదట నిలబడింది అప్పలస్వామి అనే పెద్దాయన. అందరికన్నా సీనియరు, పిల్లలు తాతా అని పిలుస్తారు. గౌరి సీసా మూత తీసింది.

"ఏటీ నేదు" అన్నాడు.

రెండోది. "ఏటీ నేదమ్మా." పన్నెండుకి పన్నెండూ అంతే. ఆయన వెనక నిలబడ్డవాళ్లు కూడా దాదాపు అంతే. ఎవరో ఒకరిద్దరు కిరసనాయిలు దగ్గర తటపటాయించి, పెద్దాయన వైపు చూసి, లేదన్నారు. ఆ చూపు నేను చూశాను. చూసి, ముక్కు పనిచేయనివాడు పక్కవాడి మొహం చూస్తాడులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

డిసెంబరు ఆదివారాల్లో గౌరి లిలువా వెళ్లి రైల్వేవాళ్లని వాళ్ల ఇళ్లలో చూసి వచ్చింది. వాళ్లు సీసా తర్వాత సీసా గడగడా చెప్పేశారు. రెండు గుంపులకీ మధ్య అంత తేడా నేను అంతవరకూ ఏ థీసిస్‌లోనూ చూడలేదు. అంత తేడా కనిపిస్తే అనుమానం రావాలి. నాకు సంతోషం వచ్చింది. ఒక సదస్సుకి సారాంశం కూడా పంపేశాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

గౌరి మాత్రం సంతోషించలేదు. జబ్బేమోనని భయపడుతోంది, సొంతవాళ్లు కదా అనుకున్నాను.

శాలువా

జనవరిలో ఆఫీసు నుంచి అంగీకార పత్రాలు వెనక్కి వచ్చాయి. వేలిముద్రలు ఉన్నచోట సాక్షిగా గౌరి సంతకం చెల్లదు, గైడు స్వయంగా వెళ్లి చేయాలన్నారు. విసుక్కుంటూ బయల్దేరాను. చలిగా ఉంది. ఇనప్పెట్టెలోంచి అప్పుడే తీసిన శాలువా కప్పుకున్నాను.

ఏక్‌బాల్‌పూర్‌లో అప్పలస్వామి ఇల్లు ఒకటే గది. ఆయన స్నానం చేసి లుంగీ కట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. గౌరి, వాళ్ల నాన్న సింహాచలం నాతో వచ్చారు. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే పెద్దాయన లేచి నిలబడి, లోపల ఉన్న కోడలిని కేకేశాడు.

"పాపా, మేడమ్ గోరికి కుర్సీ ఎయ్యి. ఆ శాలవ గుమ్మం కాడ తగిలించమ్మా, గాలాడతాది. కలరా ఉండలు మరీ ఎక్కువెట్టీసినారు."

గౌరి నా వైపు చూడలేదు. నేలకేసి చూసింది. కలరా ఉండలు మా ఎనిమిదో సీసా.

నేను కుర్చీలో కూర్చుని, "తాతగారూ, మరి ఆ రోజు యార్డులో ఏమీ రావట్లేదన్నారే?" అని అడిగాను.

ఆయన నన్ను చిన్నపిల్లని చూసినట్టు చూశాడు. "యార్డులో ఎలాగంటామమ్మా? దిగినోడు వాసన మాట అనకూడదు. ఒకడు కంపంటే పక్కోడికి కడుపులో తిప్పుతాది, ఆడి ఎనకోడికి తిప్పుతాది. మరి పని సాగుద్దా? మా మేస్త్రీ నాకు మొదటి దినమే సెప్పినాడు, ఖాకీ ఏసుకున్నాక ముక్కు ఇంటికాడ ఎట్టీసి రావాల అని. నాను ఈలందరికీ సెప్పినాను."

"అవి కాలువ వాసనలు కాదుగా. ధనియాలు, కర్పూరం..."

"ఏ వాసనైనా మాటొకటే కదమ్మా" అన్నాడు.

సింహాచలం గోడకి ఆనుకుని నవ్వుతున్నాడు. "మా ఇంటికాడైతే పప్పు మాడకముందే సెప్పీగలడండి తాత. వీధి సివర్నుంచి సెప్పీగలడు."

సాక్షి సంతకాలు చేసి వచ్చేశాను. దారంతా శాలువా వాసన నాకే కొట్టింది.

నోటుబుక్కు అంచున

మర్నాడు గౌరి నోటుబుక్కు తెప్పించుకుని నవంబరు పేజీ తీశాను. సున్నాల వరసలు. పక్కన అంచులో సన్నటి బెంగాలీ అక్షరాలు. పిల్లలు అక్కడ బస్సు టైములూ ఫోన్ నంబర్లూ రాసుకుంటారు గనక నేనెప్పుడూ పట్టించుకోలేదు. కూడబలుక్కుని చదివితే అక్షరాలే బెంగాలీ, మాటలు తెలుగు. రాసుకోవడానికి ఆ పిల్లకి ఉన్న లిపి అదే.

"తాత ముందు ఏటీ నేదన్నాడు. ఎనకాల అందరూ అదే అన్నారు. ఇంటికాడ మా నాన్న ఇలాగనడు. మేడమ్ గోరిని అడగాల."

దాని కింద, వేలెడు దూరంలో, ఆ శుక్రవారం తేదీతో నా సంతకం ఉంది.

"ఎందుకు అడగలేదు?" అన్నాను. కోపంగానే అన్నాను, సిగ్గుపడాల్సినప్పుడు నాకు కోపం వస్తుంది.

"అడుగుదారనే రాసుకున్నానండి. శుక్రారం మీరు పేజీ తిప్పి సంతకం ఎట్టీసినారు. సదివినారనుకున్నాను. సదివి కూడా ఏటీ అన్నేదంటే, అదేటంత పెద్ద ఇసయం కాదేమో అనుకున్నాను."

నోటుబుక్కు నా దగ్గరే ఉంచుకుని ఆ పిల్లని పంపేశాను.

ఆ పిల్లకి బెంగళూరులో పై చదువుకి సీటు వచ్చి ఉంది, మే నెలాఖరుకి థీసిస్ పాసవ్వాలన్న షరతు మీద. పాసవకపోతే సీటు లేదు, మళ్లీ ఏడాది చదివించే ఓపిక ఆ ఇంట్లో లేదు. మరోపక్క ఉన్న లెక్కలతో థీసిస్ పెట్టేస్తే ఎవరూ పట్టుకోలేరు. నిజం చెబుతాను, రెండు రోజులు ఆ ఆలోచన నా బుర్రలో కూర్చుంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అనడం చదువుకున్నవాళ్లకి ఇంకా సులువు, నాలుగో కాలు ఎందుకు లేదో పది పేజీలు రాయగలం.

మూడో రోజు గౌరే వచ్చింది. "ముక్కు పనిసెయ్యనోడికి కాలవలో గేస్ ఉన్నా తెలీదు, ఆడిని దించకూడదంటారు కదా మేడమ్ గోరూ. మన కాగితం సూసి ఎవలైనా అలాగంటే తాత పని పోద్ది. మా నాన్నది కూడా. మళ్లీ సూద్దారండి."

"నీ సీటు?"

"టైముంది కదండి. ఆదివారాలున్నాయి" అంది. ఇరవై ఒక్క ఏళ్ల పిల్ల ముందు నేను తలొంచుకున్నాను.

సదస్సుకి పంపిన సారాంశం వెనక్కి తీసుకున్నాను. పద్ధతి మారింది గనక కమిటీ దగ్గర మళ్లీ అనుమతి అడగాలి. ఎందుకు మారిందో దాచకుండా రాశాను. వారంలో అనుమతి వచ్చింది. ఈసారి గౌరి వాళ్ల ఇళ్లలోనే, వాళ్లు పనినుంచి వచ్చి స్నానం చేశాక, ఒక్కొక్కరినే కూర్చోబెట్టి చూసింది. సీసాకి నాలుగు వస్తువుల బొమ్మలు చూపిస్తుంది, ఆ వాసన దేనిదో ఏదో ఒక బొమ్మ పట్టుకోవాల్సిందే. లేదనడానికి వీల్లేదు. నిజంగా వాసన తెలియనివాడు కూడా గుడ్డిగా పట్టుకుంటే కొన్ని సరిపోతాయి, ఆ లెక్క తీసేసుకోవచ్చు. ఇది మొదటిరోజే చేయాల్సిన పని, ప్రతి పాఠ్యపుస్తకంలో ఉన్న పని. తొందరలో నేను వదిలేశాను. అడిగే తీరు మారింది గనక లిలువావాళ్లని కూడా మళ్లీ చూడాల్సి వచ్చింది. ఏ సీసాలో ఏముందో గౌరికి తెలియకుండా నంబర్లు నేను వేసేదాన్ని. ఖిదిర్‌పూర్ నుంచి లిలువాకి రెండు బస్సులు మారి, సంచీలో పన్నెండు సీసాలతో ఆ పిల్ల తిరిగింది. మార్చి ఆఖరుకి పూర్తయింది.

పాత సున్నాల మీద ఒక్క గీత కొట్టింది. కింద ఉన్నవి చదవొచ్చు.

తేలిందేమిటంటే, రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. నరం చెడలేదని రుజువైందనీ అనలేం, చెడిందని మాత్రం అసలు అనలేం. థీసిస్‌లో ఆ వాక్యం రాసినప్పుడు ఆ పిల్ల మొహంలో ఉన్న నెమ్మది నాకు ఏ పెద్ద ఫలితానికీ కనిపించలేదు. పొరపాటు ఎవరిదన్న చోట "మేము" అని రాసుకొచ్చింది. కొట్టేసి "గైడు నిర్ణయం" అని రాయించాను. నవంబరు పేజీని అనుబంధంలో జతచేయించాను. వద్దని రెండుసార్లు బతిమాలింది.

వైవా

వైవాకి ఎవరైనా రావచ్చు. సింహాచలం సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెనక బెంచీలో కూర్చున్నాడు. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దవయసు బెంగాలీ ఆయన. థీసిస్ మొదటినుంచి చివరిదాకా చదివి వచ్చారని పేజీల్లో పెట్టుకున్న చీటీలే చెబుతున్నాయి.

"ఒకసారి సున్నాలు వచ్చాయి, ఒకసారి రాలేదు. మొదటి లెక్కలు తీసి పారేయకుండా థీసిస్‌లో ఎందుకు ఉంచావు?" అని బెంగాలీలో అడిగారు.

గౌరి కూడా బెంగాలీలోనే చెప్పింది. "వాళ్లు అబద్ధం చెప్పలేదు సార్. మేం ముక్కు గురించి అడిగాం, వాళ్లు పని గురించి చెప్పారు. అదీ జవాబే. మా ప్రశ్నకి కాదు, అంతే."

ఆయన తల ఊపి, అనుబంధం దగ్గరికి వెళ్లి, కళ్లజోడు సర్దుకున్నారు. బెంగాలీ అక్షరాలు కనిపించేసరికి అలవాటుగా పైకి చదవడం మొదలుపెట్టారు. అర్థం తెలియదు గనక ప్రతి అక్షరం ఒత్తి ఒత్తి, బెంగాలీ గొంతుతో, నున్నగా గుండ్రంగా చదివారు. తాత ముందు ఏటీ నేదన్నాడు. ఎనకాల అందరూ అదే అన్నారు. ఆ గదిలో అది అర్థమైనవాళ్లం ముగ్గురమే.

వెనక బెంచీలోంచి సింహాచలం లేచి నిలబడ్డాడు. తనని అడుగుతున్నారనుకున్నాడు. "అవునండి బాబూ, అలాగే అన్నారండి" అన్నాడు.

అందరూ వెనక్కి తిరిగి చూశారు. పరీక్షకుడు అయోమయంగా నా వైపు తిరిగి, "ఇదేం భాష? దీని అర్థమేమిటి, మీరు చెప్పగలరా?" అన్నారు. గైడు నోరు మెదపకూడదన్న నియమం రాసిందాన్ని నేనే. అయినా అడిగింది పరీక్షకుడు. లేచి నిలబడి నాలుగు వాక్యాలూ బెంగాలీలో చెప్పాను. ఆఖరిదానికి గౌరి వైపు తిరిగాను. మేడమ్ గారిని అడగాలి అని. చెప్పాను. చెప్పి, "కింద ఉన్న సంతకం నాది. చదవకుండా పెట్టాను" అన్నాను.

ఆయన ఆ పేజీ ఇంకోసారి చూసి థీసిస్ మూసేశారు, గౌరిని ఇంకొక్క ప్రశ్న కూడా అడగలేదు. పాసైనట్టు సాయంత్రానికి కాగితం వచ్చింది.

నియమాల ప్రకారం వైవా అయ్యాక నోటుబుక్కు మీద గైడు చివరి సంతకం ఉండాలి. అప్పుడే అది ఆఫీసుకి చేరుతుంది. గౌరి పెన్ను తెరిచి, ఆఖరి పేజీ తీసి నా ముందు పెట్టింది. నేను పుస్తకం మూసి, మళ్లీ మొదటి పేజీ తెరిచి, అంచుల్లోని బెంగాలీ అక్షరాలతో సహా చదవడం మొదలుపెట్టాను. కూడబలుక్కుంటూ చదవాలి, మెల్లగా సాగుతుంది. ఆ పిల్ల గుమ్మంలో తండ్రిని చూసింది, గడియారం చూసింది.

"మేడమ్ గోరూ, బస్సు ఎల్లిపోద్దండి."

"మీ నాన్నని లోపలికి పిలు, ఇద్దరూ కూర్చోండి" అన్నాను. "ఇది చదివి సంతకం పెడతాను."